దొంగల దగ్గర నేర్చుకున్న ఇంద్రజాలం

ప్రతి ఆఫీసులోనూ ఒకడుంటాడు. టీమ్ లంచ్‌కి వెళ్ళినప్పుడు, ఆర్డరిచ్చిన బిర్యానీ ఇంకా రాలేదనగా, జేబులోంచి పేక కట్ట తీస్తాడు. ఒక ముక్క తీసుకో, నాకు చూపించకు అంటాడు. మనం తీస్తాం, చూస్తాం, వెనక్కి పెట్టేస్తాం. అతను కాసేపు కలిపి సరిగ్గా ఆ ముక్కే బయటికి తీస్తాడు. చప్పట్లు. మరుసటేడు టీమ్ లంచ్‌లోనూ అదే ట్రిక్కు, అదే చోట అదే తడబాటు. ఎడమచేతి చిటికెనవేలు కట్టలోకి దూరి ఉండటం టేబుల్‌కి ఇటుపక్క కూర్చున్న నలుగురికీ కనిపిస్తూనే ఉంటుంది. ఎవరూ అనరు. పాపం సరదాకి చేస్తున్నాడు, పోనీలే అనుకుంటాం.

ఈ "పోనీలే" గురించే ఈ టపా.

ఇంద్రజాలం నేర్చుకోవడానికి పెద్ద అడ్డంకి రహస్యాలు దొరక్కపోవడం అని చాలామంది అనుకుంటారు. 1997లో అమెరికాలో ఫాక్స్ టీవీ వాళ్ళు ముసుగేసుకున్న ఒక మెజీషియన్‌ని పెట్టి ట్రిక్కులన్నీ విప్పి చూపించినప్పుడు, ఇక మ్యాజిక్ పని అయిపోయిందని గగ్గోలు పెట్టినవాళ్ళు చాలామందే ఉన్నారు. ఏమీ అవలేదు. ఎందుకవలేదో తెలియాలంటే కొంచెం వెనక్కి, అంటే 1584 దాకా వెళ్ళాలి. మనవైపు తళ్ళికోట యుద్ధం జరిగి అప్పటికి 19 ఏళ్ళు.

ఆ ఏడాది రెజినాల్డ్ స్కాట్ అనే ఇంగ్లీషు పెద్దమనిషి, కెంట్ ప్రాంతంవాడు, మంత్రగత్తెల నమ్మకాల మీద ఒక లావుపాటి పుస్తకం అచ్చేశాడు. దిక్కూమొక్కూ లేని ముసలి ఆడవాళ్ళ మీద చేతబడి నేరం మోపి ఉరితీస్తున్న కాలం అది. మీరు అద్భుతం అనుకునేవాటిలో చాలావాటిని మామూలు మనిషి చేతివాటంతో చేయగలడు, దీనికి దెయ్యం అక్కర్లేదు అని నిరూపించడం ఆయన ఉద్దేశం. అందుకోసం నాణేలు మాయం చేయడం, పేకముక్కలు మార్చేయడం, తల నరికినట్టు చూపించడం ఎలా చేస్తారో పరికరాల బొమ్మలు వేసి మరీ వివరించాడు. ఎవరికీ మ్యాజిక్ నేర్పాలని రాసింది కాదు, మనుషుల ప్రాణాలు కాపాడాలని రాసింది. కానీ ఆ పేజీలు తరవాత వచ్చిన గారడీ పుస్తకాలు చాలావాటికి మూలం అయ్యాయి. మన భాషలో చెప్పాలంటే సోర్స్ కోడ్ 440 ఏళ్ళ క్రితమే బయటికొచ్చేసింది. మరి అప్పట్నుంచి పుస్తకం కొన్నవాళ్ళందరూ ఇంద్రజాలికులు ఎందుకవలేదు?

దీనికి ఫ్రాన్సులో ఒకాయన కథ చూడాలి. జాఁ యూజీన్ రాబేర్-హుదాఁ, 1805లో బ్లువా అనే ఊళ్ళో గడియారాలు చేసే ఇంట్లో పుట్టాడు. కుర్రాడిగా ఉన్నప్పుడు గడియారాల తయారీ మీద ఒక పుస్తకం కావాలని పాత పుస్తకాల కొట్టుకి వెళితే, కొట్టువాడు పొరపాటున వినోద విజ్ఞానం, గారడీల మీద రెండు సంపుటాలు కట్టి ఇచ్చాడట. ఇంటికెళ్ళి విప్పి చూసుకున్నాక వెనక్కివ్వలేదు. (ఇదంతా ఆయన 1858లో రాసుకున్న ఆత్మకథలో చెప్పిందే. అందులో తనకి విద్య నేర్పాడని రాసిన టొర్రీనీ అనే గురువు కల్పిత పాత్రే అయ్యుండాలని చరిత్రకారులు చాలామంది అంటారు. ఇంద్రజాలికుడి ఆత్మకథని ఎంతవరకు నమ్మాలో మీకు చెప్పక్కర్లేదు :) )

పుస్తకంలో రహస్యం ఉంది. దాన్ని చేతుల్లోకి ఎలా దించుకోవాలో లేదు. ఇక్కడే ఆయన ఒక తెలివైన పని చేశాడు. ఆ ఊళ్ళో కాళ్ళకి ఆనెకాయలు తీసే ఒకతనికి బంతులు ఎగరేసే విద్య కూడా వచ్చని తెలుసుకుని, అతనికి డబ్బిచ్చి నేర్చుకున్నాడు. నాలుగు బంతులు పట్టుబడ్డాక ఎదురుగా పుస్తకం తెరిచి పెట్టుకుని, బంతులు గాల్లో తిరుగుతూ ఉండగా చదవడం సాధన చేశాడు. చేతుల పని చేతులు చూసుకుంటుంటే మనసు ఇంకెక్కడో ఉండగలగాలి, ప్రేక్షకుల్ని చూస్తూ మాట్లాడగలగాలి. ఆయనకి కావలసింది అదీ. ముప్ఫై ఏళ్ళ తరవాత ఈ విషయం రాస్తూ, రాస్తున్నవాడల్లా లేచి మూడు బంతులతో ప్రయత్నించి చూశాననీ, ఇంకా చదవగలుగుతున్నాననీ చెప్పాడు. జేబుల్లో నాణేలు, ముక్కలు పెట్టుకుని దారిన నడుస్తూ వేళ్ళకి పని చెప్పేవాడు. భోజనం దగ్గర ఒక చేత్తో సూపు తాగుతూ రెండో చేత్తో కట్ట తిప్పడం సాధన చేసేవాడు. 1845లో పారిస్‌లో సొంత థియేటర్ తెరిచేసరికి ఆయనకి నలభై దగ్గర పడుతున్నాయి. మన నేపాళ మాంత్రికుడి బాపతు అంగీలు, ఆర్భాటాలు వదిలేసి, పార్టీకి వచ్చిన పెద్దమనిషిలా సూటు వేసుకుని వేదికెక్కాడు.

తరవాతి మజిలీ లండన్. ఏంజెలో లూయిస్ అనే బారిస్టరు ప్రొఫెసర్ హాఫ్‌మన్ అన్న మారుపేరుతో 1876లో 'మోడర్న్ మ్యాజిక్' రాశాడు. ఇంగ్లీషులో ఈ విద్యని ఒక పద్ధతి ప్రకారం, అ ఆల నుంచి నేర్పిన మొదటి పెద్ద పుస్తకం అదే. లాయరు కదా, ఏ వేలు ఎక్కడుండాలో దస్తావేజు రాసినట్టు రాశాడు. చేయబోయేది ముందే చెప్పొద్దు, ఒకే సాయంత్రం ఒకే ట్రిక్కు రెండోసారి చేయొద్దు అన్న సూత్రాలు ఈయన ద్వారానే బాగా స్థిరపడ్డాయి. రెండోసారి చేస్తే ఎక్కడ చూడాలో ప్రేక్షకుడికి తెలిసిపోతుంది. ఈ రెండో సూత్రం గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో ఒకాయన దాన్ని తుంగలో తొక్కబోతున్నాడు.

మెజీషియన్లకి ఈ అచ్చు వ్యవహారం మొదట్నుంచీ మింగుడుపడలేదు. 1905లో లండన్‌లో మ్యాజిక్ సర్కిల్ పెట్టుకున్నారు. రహస్యం కాపాడటం దాని మొదటి నియమం. దానికి తొలి అధ్యక్షుడు డేవిడ్ డెవాంట్, ఆ కాలంలో ఇంగ్లండులో ఆయన్ని మించినవాడు లేడు. తన ట్రిక్కుల గురించి తనే పత్రికలో రాసినందుకు సర్కిల్ ఆయన్నే బయటికి పంపింది, మళ్ళీ తరవాత గౌరవంగా వెనక్కి తీసుకుంది. ఈ డెవాంట్ గురించి ఒక కథ చెప్పుకుంటారు. ఒక కుర్రాడు వచ్చి నాకు మూడొందల ట్రిక్కులొచ్చు, మీకెన్నొచ్చు అని అడిగాడట. డెవాంట్ ఎనిమిది అన్నాడట. రెజ్యూమేలో పద్దెనిమిది లాంగ్వేజీలు రాసుకొచ్చే కుర్రాళ్ళని ఇంటర్వ్యూ చేసినవాళ్ళకి ఈ కథ ఇంకా బాగా అర్థమవుతుంది.

సరే, ఇంతవరకు కథంతా పెద్దమనుషులది. వేదిక, దీపాలు, టిక్కెట్టు కొన్న జనం. ట్రిక్కు కొంచెం అటూ ఇటూ అయినా జనం మర్యాదగా చప్పట్లు కొడతారు. అసలు మలుపు వేరే గుంపు నుంచి వచ్చింది.

1902లో షికాగోలో ఒక చిన్న పుస్తకం వచ్చింది. పేరు 'ది ఎక్స్‌పర్ట్ ఎట్ ది కార్డ్ టేబుల్'. రచయిత ఎస్. డబ్ల్యూ. ఎర్డ్‌నేస్. అచ్చు ఖర్చు తనే పెట్టుకున్నాడు. వెల రెండు డాలర్లు, బొమ్మలు 101. పుస్తకంలో ఎక్కువ భాగం పేకాటలో తొండి ఎలా చేయాలన్నదే. మ్యాజిక్ ట్రిక్కులు చివర్లో వస్తాయి. ఎందుకు రాశావయ్యా అంటే, నీతులేమీ చెప్పకుండా డబ్బు అవసరం కాబట్టి అని ముందుమాటలోనే ఒప్పేసుకున్నాడు.

ఆ పేరు నిజం పేరు కాదు. ఇంగ్లీషు అక్షరాల్ని వెనకనుంచి చదివితే ఇ. ఎస్. ఆండ్రూస్ అని వస్తుంది. దాన్ని పట్టుకుని బోలెడంతమంది ఆండ్రూస్‌లని తవ్వితీశారు. గణిత వినోదాల మార్టిన్ గార్డ్‌నర్, అవును మన సైంటిఫిక్ అమెరికన్ గార్డ్‌నరే, 1946లో ఆ పుస్తకానికి బొమ్మలేసిన ఎం. డి. స్మిత్‌ని వెతికి పట్టుకున్నాడు. షికాగోలో ఒక చలికాలం, వేడి సరిగా లేని హోటల్ గది, మెత్తగా మాట్లాడే పొట్టి మనిషి. స్మిత్‌కి గుర్తున్నది అంతే. గార్డ్‌నర్ మాత్రం మిల్టన్ ఫ్రాంక్లిన్ ఆండ్రూస్ అనే తొండిగాడి మీద పందెం కాశాడు. అతను 1905లో హత్యానేరం మీద పోలీసులు చుట్టుముడితే శాన్‌ఫ్రాన్సిస్కోలో తనతో ఉన్న ఆమెని కాల్చి తనూ కాల్చుకున్నాడు. చిక్కేంటంటే అతను ఆరడుగులు దాటిన మనిషి. ఇప్పటికీ తేలలేదు.

నాకు ఈ పుస్తకంలో నచ్చేది దాని నిజాయితీ. దొంగల పుస్తకంలో నిజాయితీ ఏంటి అనకండి. పక్కవాడు కట్ చేసిన కట్టని ఎవరికీ కనపడకుండా మళ్ళీ పాత వరసలోకి తెచ్చే పనిని షిఫ్ట్ అంటారు. హాఫ్‌మన్ లాంటివాళ్ళు పేక విద్యకి దాన్నే పునాది అన్నారు. ఎర్డ్‌నేస్ రకరకాల షిఫ్టులు నేర్పాడు, వాటిలో కొన్ని తను కనిపెట్టినవే. నేర్పుతూనే ఒక మాట ఒప్పుకున్నాడు. పేకాట బల్ల దగ్గర మామూలుగా చేసే కదలికలా కనబడే షిఫ్ట్ ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదని. తన సరుకులో ఉన్న బగ్‌ని డాక్యుమెంటేషన్‌లో తనే రాసుకున్న మనిషి! స్టేజీ వాళ్ళ పుస్తకాల్లో ఇలాంటి మాట అరుదు. ఎందుకంటే స్టేజీ మీద మంత్రదండం కోసం అలా ఒంగి, ఆ ఒంగడంలో పని కానిచ్చేయొచ్చు. పేకాట బల్ల దగ్గర ఎదుటివాళ్ళ డబ్బు బల్ల మీదుంది, వాళ్ళు తాగి ఉండొచ్చు, నడుముకి తుపాకీ ఉండొచ్చు. అక్కడ ఎవడూ పోనీలే అనడు.

మెజీషియన్లది డెమో. తొండిగాళ్ళది ప్రొడక్షన్. తేడా ఎక్కడుందో మనందరికీ తెలుసు.

ఆ తేడాని మొదట పట్టుకున్నవాడు కెనడా కుర్రాడు. 1894లో ఒట్టావాలో పుట్టిన డేవిడ్ వెర్నర్. తరవాత డై వెర్నన్ అన్న పేరుతో స్థిరపడ్డాడు. చిన్నతనంలోనే ఎర్డ్‌నేస్ పుస్తకం దొరికింది. మన పిల్లలు ఎక్కాలు బట్టీపట్టినట్టు పట్టాడు. 1922లో షికాగోలో ఒక మెజీషియన్ల విందు. ఏ ట్రిక్కయినా మూడుసార్లు చూస్తే చాలు, ఎలా చేశారో చెప్పేస్తానని హుడీనీ ప్రకటించుకుంటున్న రోజులవి. (అన్నట్టు, హుడీనీ అన్న పేరు మన రాబేర్-హుదాఁ పేరులోంచి తీసుకున్నదే. ఆత్మకథ చదివి మోజుపడి పేరు పెట్టుకుని, 1908లో అదే మనిషిని దుమ్మెత్తిపోస్తూ పుస్తకం రాశాడు.) వెర్నన్ ఒక ముక్క మీద హుడీనీ చేత సంతకం చేయించి, దాన్ని పైనుంచి రెండోదిగా పెట్టాడు. పైముక్క తిప్పితే సంతకం ఉన్న ముక్క. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ అదే. హాఫ్‌మన్ సూత్రం అటకెక్కింది. మూడు దాటి ఆరు, ఏడు సార్లు చేశాడంటారు. ఓడిపోయావని ఒప్పుకొమ్మని చివరికి హుడీనీ భార్యే చెప్పిందని కూడా అంటారు. ఆయన ఎప్పటికీ ఒప్పుకోలేదు.

ఇంత వచ్చినవాడు బతుకుతెరువుకి ఏం చేసేవాడో తెలుసా? కోనీ ఐలండ్ లాంటి చోట్ల కూర్చుని, ఎదురుగా నిలబడ్డవాళ్ళ ముఖాన్ని కత్తెరతో నల్ల కాగితంలో నీడబొమ్మలా కత్తిరించి ఇచ్చేవాడు. కాస్త డబ్బు చేతిలో పడగానే తొండిగాళ్ళని వెతుక్కుంటూ పోయేవాడు. మెజీషియన్లకి కొత్తగా తెలిసేదేమీ లేదనీ, చేతుల్లో అసలు విద్య ఉన్నది పేకాట గదుల్లోననీ ఆయన నమ్మకం.

1932లో కాన్సస్ రాష్ట్రంలోని విచిటాలో ఇలాగే నీడబొమ్మలు కత్తిరిస్తూ ఉండగా, అక్కడి జైల్లో హత్య కేసులో ఉన్న ఒక మెక్సికన్ పేకాటగాడి దగ్గర మంచి విద్య ఉందని తెలిసి స్నేహితుడితో కలిసి వెళ్ళాడు. అతని పేరు విలాసెన్యోర్. మాటల్లో అతను ఒక సంగతి చెప్పాడు. కాన్సస్ సిటీ వైపు ఒకడున్నాడు, కట్ట మధ్యలోంచి ముక్కలు పంచుతాడు అని.

దీని విలువ తెలియాలంటే కొంచెం ఆట గురించి చెప్పాలి. పదమూడు ముక్కలాటలోనూ పంచేముందు పక్కవాడు కట్ చేస్తాడు కదా. ఎందుకు? పంచేవాడు మంచి ముక్కల్ని అడుగున దాచుకుని తన వంతు వచ్చినప్పుడల్లా అక్కణ్ణుంచి లాక్కోవచ్చు. కట్ చేస్తే ఆ దాచుకున్నవి మధ్యలోకి పోతాయి. తొండికి ప్రపంచమంతా కనిపెట్టిన ఒకే ఒక్క సులువైన విరుగుడు ఈ కట్. ఎర్డ్‌నేస్ షిఫ్టుల గొడవంతా దీన్ని దాటడానికే. మధ్యలోంచే పంచగలిగితే షిఫ్టుతో పనే లేదు. పక్కవాడు కట్ చేస్తాడు, మనం చేతిలో ఉన్న కట్ట మధ్యలో ఆ అతుకు దగ్గర్నుంచి, చూసేవాళ్ళకి పైముక్క తీసినట్టే కనబడేలా తీయడమే. ఇది మనిషి చేతుల వల్ల అయ్యే పని కాదనీ, కట్టుకథ అనీ అందరి అభిప్రాయం. వెర్నన్‌దీ అదే. కానీ జైల్లో ఉన్నవాడికి అబద్ధం చెప్పి ఒరిగేదేముంది?

వెర్నన్, చార్లీ మిల్లర్ అనే ఇంకో పేక పిచ్చోడు కలిసి కాన్సస్ సిటీ చుట్టుపక్కల గాలించారు. పేకాటగాళ్ళు నోరువిప్పరు కదా. ఆఖరికి మిస్సోరి రాష్ట్రంలో ప్లెజెంట్ హిల్ అనే చిన్న ఊరు తేలింది. ఆ ఊళ్ళోనూ పెద్దవాళ్ళెవరూ చెప్పలేదు. ఐస్‌క్రీం తింటున్న ఒక చిన్నపిల్లని అడిగితే అదిగో ఆ ఇల్లే అని చూపించిందని వెర్నన్ చెప్పేవాడు. ఆ ఇంట్లో ఉన్నవాడు ఎలెన్ కెనెడీ. కట్ట కట్ చేశాడు, పంచాడు, మధ్యలోంచి వచ్చాయి. ఎంత దగ్గర్నుంచి చూసినా పైముక్క పంచినట్టే ఉందిట. దీనికోసం కెనెడీ ఏళ్ళ తరబడి ఒంటరిగా కూర్చుని వేళ్ళు అరగదీశాడు. పుస్తకం లేదు, గురువు లేడు. అసలు సాధ్యమేనని చెప్పేవాడు కూడా లేడు. ఈ వెతుకులాట మీద 2005లో కార్ల్ జాన్సన్ 'ది మెజీషియన్ అండ్ ది కార్డ్‌షార్ప్' అని ఒక పుస్తకమే రాశాడు. దొరికితే చదవండి, డిటెక్టివ్ నవలలా ఉంటుంది.

కెనెడీ కథలో నాకు ముఖ్యంగా కనిపించేది గంటల లెక్క కాదు. పదివేల గంటలు చేస్తే ఎవరైనా మొనగాళ్ళవుతారన్న మాట మన హెచ్చార్ స్లయిడ్లలో చూసీ చూసీ విసుగొచ్చింది. గంటలు మన టీమ్ లంచ్ కుర్రాడూ పెట్టొచ్చు. కెనెడీకి ఒక ప్రమాణం ఉంది. శనివారం రాత్రి బల్ల చుట్టూ కూర్చునే నలుగురి కళ్ళు. ఆ కళ్ళకి ఇది చాలదు అనిపించినన్నాళ్ళూ అతనికి పని పూర్తి కాలేదు. మంచి టెస్టరు దొరికితే డెవలపరు బాగుపడతాడు, ఇష్టం ఉన్నా లేకపోయినా.

ఇదే లెక్కతో చూస్తే మన వీధి గారడీవాళ్ళని ఎంత తక్కువ అంచనా వేశామో అనిపిస్తుంది. స్టేజీ మెజీషియన్‌కి జనం ఎదురుగానే ఉంటారు. వెనక తెర, పక్కన వింగులు. గారడీవాడికి నాలుగువైపులా జనమే. వెనకాల నిలబడ్డ కుర్రాడు అతని భుజం మీదుగా తొంగిచూస్తూ ఉంటాడు. నేల మీద గొంతుక్కూర్చుని, పొట్టిచేతుల చొక్కాతో, మూడు గిన్నెలు నాలుగు బంతులతో ఆ కళ్ళన్నిటినీ కట్టాలి. డబ్బులు ముందు రావు, ఆట అయ్యాక నచ్చినవాళ్ళు వేస్తేనే. మామిడి టెంక పాతి చెట్టు మొలిపించేవాడు, బుట్టలో పిల్లాణ్ణి కూర్చోపెట్టి కత్తులు దించేవాడు కూడా ఇదే పరీక్షలో నిలబడాలి. నేర్చుకోవడం కూడా జనంలోనే. ఉత్తరాదిలో పిల్లవాడు జమూరాగా, అంటే అడిగినదానికి బదులిచ్చే బంటుగా మొదలై, తండ్రి చేతులు చూస్తూ చూస్తూ ఎదుగుతాడు. ఢిల్లీ షాదీపూర్‌లోని గారడీ కుటుంబాలతో తిరిగి లీ సీగల్ అనే అమెరికన్ ప్రొఫెసర్ 1991లో 'నెట్ ఆఫ్ మ్యాజిక్' రాశాడు. వాళ్ళ గురించి మనవాళ్ళు రాసిందానికంటే ఎక్కువ అందులో ఉంది.

మనం వాళ్ళకిచ్చిన మర్యాద ఏంటంటే, 1959 నాటి బొంబాయి భిక్షాటన నిరోధక చట్టంలో పాడటం, ఆడటం, ప్రదర్శనలివ్వడం లాంటివాటిని కూడా అడుక్కోవడం కింద చేర్చాం. ఢిల్లీలోనూ అదే చట్టం. 2018లో ఢిల్లీ హైకోర్టు అందులోని ముఖ్యమైన సెక్షన్లు కొట్టేసేదాకా ఆ నగరంలో గారడీ చేస్తూ పట్టుబడితే బిచ్చగాడే. ఎర్డ్‌నేస్ రాసుకున్నాడు కాబట్టి దొంగల విద్య మిగిలింది. గారడీ కుటుంబాల్లో పిల్లలు ఆటో నడపడానికి వెళ్ళిపోతే వాళ్ళ చేతుల్లో ఉన్నది వాళ్ళతోనే పోతుంది. బ్యాకప్ లేని సర్వరు. ఆ పిల్లలు వెళ్ళిపోవడం తప్పనను. నేనూ మీరూ మన తాతల వృత్తులు వదిలేసే కదా ఇక్కడున్నాం.

మన దేశంలో స్టేజీ మ్యాజిక్‌కి ఊపు తెచ్చిన పి. సి. సర్కార్ (1913–1971) కూడా గణపతి చక్రవర్తి అనే పాతతరం ఇంద్రజాలికుడి దగ్గర శిష్యరికం చేసినవాడే. 1956లో బీబీసీలో యువతిని రంపంతో కోసే ట్రిక్కు చేస్తుండగా కార్యక్రమం చటుక్కున ముగిసిపోతే, అమ్మాయి నిజంగా చనిపోయిందనుకుని జనం ఫోన్లు చేశారు. మన తెలుగులో బి. వి. పట్టాభిరామ్ గారు మ్యాజిక్‌తో మొదలై హిప్నాటిజం, ఆపైన వ్యక్తిత్వ వికాసం వైపు వెళ్ళి, 2025లో పోయారు. మ్యాజిక్ అనే మాటని ఇంటింటికీ తెచ్చారు. అయితే చేతివాటాన్ని వేళ్ళ లెవెల్లో నేర్పే ఒక ఎర్డ్‌నేస్ బాపతు పుస్తకం తెలుగులో నాకు తగల్లేదు.

మళ్ళీ వెర్నన్ దగ్గరికి వద్దాం. ఎందుకంటే కథలో మన లెక్కల మనిషి ఇంకా రాలేదు. 1959లో న్యూయార్క్‌లో పర్సీ డయాకోనిస్ అనే పద్నాలుగేళ్ళ కుర్రాడు ఇంట్లో చెప్పాపెట్టకుండా వెర్నన్ వెంట వెళ్ళిపోయాడు. ఇద్దరూ ఊళ్ళు తిరిగారు, ఎక్కడ ఎవడి దగ్గర ఏ కొత్త చేతివాటం ఉందంటే అక్కడికి. తరవాత ఆ కుర్రాడు విలియం ఫెల్లర్ రాసిన ప్రాబబిలిటీ పుస్తకం కొన్నాడు. అర్థం కాలేదు. అది చదవడం కోసం రాత్రి కాలేజీలో చేరి లెక్కలు మొదలుపెట్టాడు. మార్టిన్ గార్డ్‌నర్ సిఫార్సు ఉత్తరంతో హార్వర్డ్‌లో సీటొచ్చింది. ఆపైన స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్. పేకని సరిగా కలపాలంటే ఏడుసార్లు కలపాలి అని మీరెక్కడో వినే ఉంటారు. అది 1992లో డేవ్ బేయర్‌తో కలిసి ఈయన రాసిన పేపరులోదే.

మన జాతివాళ్ళకి ఇంకో ముచ్చట. కట్టని సరిగ్గా 26-26గా విడదీసి ఒకటి విడిచి ఒకటి దూరేలా కలపడాన్ని ఫారో అంటారు. పైముక్క పైనే ఉండేలా కలిపితే ఔట్, రెండోదిగా పోయేలా కలిపితే ఇన్. తప్పు లేకుండా ఎనిమిది ఔట్‌లు చేస్తే కట్ట మళ్ళీ మొదటి వరసకి వచ్చేస్తుంది. ఎలెక్స్ ఎల్మ్‌స్లీ అనే బ్రిటిష్ మెజీషియన్, కంప్యూటర్ల రంగంలో పనిచేసినవాడే, 1950ల్లో ఒకటి గమనించాడు. పైముక్క మీద పదమూడు ముక్కలుండాలంటే 13ని బైనరీలో రాయండి, 1101. ఒకటికి ఇన్, సున్నాకి ఔట్. ఇన్, ఇన్, ఔట్, ఇన్. అంతే, ముక్క అక్కడుంటుంది. కాగితం మీద వేసి చూడండి, 0 నుంచి 1, 3, 6, 13. ఇంత అందమైన అల్గారిదం రెండు నిమిషాల్లో అర్థమవుతుంది. ఇక కట్ట తీసుకుని 26-26గా విడదీసి ఒక్క ముక్క కూడా తప్పకుండా కలిపి చూపించండి. నెలలు పడుతుంది, చాలామందికి ఎప్పటికీ రాదు. తెలియడానికీ రావడానికీ మధ్య దూరం ఎంతో ఇంతకంటే బాగా చూపించే ఉదాహరణ నాకు తెలియదు.

డయాకోనిస్‌కి ఆ తొండిగాళ్ళ కన్ను ఎప్పుడూ పోలేదు. కాసినోలకి పేక కలిపే యంత్రాలు చేసే ఒక కంపెనీ, మా యంత్రం సరిగా కలుపుతోందో లేదో చూడమని ఆయన్ని పిలిచింది. సూసన్ హోమ్స్, జేసన్ ఫుల్మన్‌లతో కలిసి చూసి 2013లో పేపరు వేశారు. సరిగా కలిసిన కట్టలో ఒక్కో ముక్కా తిప్పుతూ తరవాతది ఊహించుకుంటూ పోతే 52లో సగటున నాలుగున్నర సరిపోతాయి. ఆ యంత్రం కలిపినదాంట్లో తెలివిగా ఊహిస్తే తొమ్మిదిన్నర. ఇంజనీర్లకి బాగానే కనబడ్డ యంత్రం, మోసం చేయడమెలాగో తెలిసినవాడి కంటికి ఆనలేదు.

ఇప్పుడు నేర్చుకునేవాళ్ళకి యూట్యూబు ఉంది. ఎర్డ్‌నేస్ 101 బొమ్మల్లో చెప్పలేక అవస్థ పడ్డది వీడియోలో పది సెకన్లలో కనబడుతుంది. మంచిదే. ఇంకో లాభం కూడా ఉంది. అద్దం ముందు సాధన చేసేవాళ్ళకి ఒక జబ్బు పట్టుకునేది, సరిగ్గా చేతివాటం జరిగే క్షణంలో తెలియకుండా కళ్ళు మూసుకోవడం. అద్దంలో అది కనబడదు, మూసుకున్న కళ్ళతో ఎలా కనబడుతుంది మరి :) ఫోన్ కెమెరా పట్టిచ్చేస్తుంది. కానీ అదే కెమెరా ఇంకో జబ్బు తెచ్చింది. ఒకే కోణం, తప్పు పోతే ఇంకో టేకు, నలభయ్యో టేకు బాగుంటే అదే అప్‌లోడు, కింద వెయ్యి లైకులు. టీమ్ లంచ్ దగ్గర నలుగురు అన్న పోనీలే, ఇక్కడ వెయ్యిమంది అంటున్నారు. కెమెరాకి వెనకవైపు ఎవరూ నిలబడరు. ఇలా నేర్చుకున్నవాళ్ళని బల్ల చుట్టూ కూర్చోబెట్టి చేయమంటే చేతులు వణకడం నేను చాలాసార్లు చూశాను.

వెర్నన్ చివరి మజిలీ దీనికి పూర్తిగా తలకిందులు. 1963లో హాలీవుడ్‌లో మ్యాజిక్ కాసిల్ అనే క్లబ్బు తెరిచారు. అప్పటికి డెబ్భైకి దగ్గరపడ్డ వెర్నన్ అక్కడ చేరాడు. అందరూ ప్రొఫెసర్ అనేవాళ్ళు. రికీ జే, లారీ జెన్నింగ్స్, మైకల్ అమ్మార్ లాంటి కుర్రాళ్ళు ఆయన పక్క కుర్చీలో చోటు కోసం కాచుకునేవాళ్ళు. ట్రిక్కు నేర్చుకోవడానికి కాదు. ట్రిక్కులు వాళ్ళకి వచ్చు. ఆయన ముందు చేస్తే, చెయ్యి ఎక్కడ సహజంగా లేదో ఆ కళ్ళు చెప్పేస్తాయని. నీళ్ళ గ్లాసు ఎత్తేటప్పుడు నీ చెయ్యి ఎలా ఉంటుందో, ముక్క దాచినప్పుడూ అలాగే ఉండాలన్నది ఆయన పట్టు. వినడానికి తేలిక. ఒకసారి అరచేతిలో ముక్క పెట్టుకుని గ్లాసెత్తి చూడండి.

1984లో ఎర్డ్‌నేస్ పుస్తకం మీద వెర్నన్ వ్యాఖ్యలతో 'రివెలేషన్స్' అనే పుస్తకం వచ్చింది. చిన్నప్పుడు బట్టీపట్టిన పుస్తకమే. ఇక్కడ బొటనవేలు ఇంకొంచెం ఇలా, ఈ పద్ధతి నిజంగా పనిచేయదు, ఇది ఇప్పటికీ దీన్ని మించింది లేదు అంటూ సాగుతుంది. అది అచ్చయ్యేసరికి ఆయనకి తొంభై ఏళ్ళు.